బొమ్మల పుస్తకం చేసే బల్ల దగ్గర మనమెక్కడ?

చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ బీజాపూర్ రోడ్డు దిగి లోపలికి పోతే మా వాడ వస్తుంది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఎందుకో చివర చెప్తాం. ఈ వాడలో సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తున్నవాళ్లం మేం. మాలో ఒకరిద్దరు టీచర్లున్నారు, డి.టి.పి. చేసే తమ్ముడున్నాడు, అంగన్‌వాడీలో పనిచేసే అక్క ఉంది, కూలికి పోతూనే డిగ్రీ చదివే పిల్లలున్నారు. మేమంతా కలిసి ఒక బొమ్మల పుస్తకం చేద్దామనుకున్నాం. చెయ్యబోయి మొదటిసారి బొక్కబోర్లా పడ్డాం. పడ్డ సంగతి, లేచిన సంగతి రెండూ ఉద్యమ మిత్రుల ముందు పెడుతున్నాం. ఈ దెబ్బ మా ఒక్కరికే తగిలేది కాదు గనుక.

పుస్తకం ఆలోచన ఆరో తరగతి చదివే ఒక పిల్లది. వాళ్ల తాతకు ఎప్పుడో సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి ఉండేది. ఆ భూమిలో తాత పెట్టిన చింతచెట్టు ఉంది. భూమి ఎట్ల చేతులు మారిందో, వేలిముద్రలు ఎవరు పెట్టించుకున్నరో వాడలో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ భూమి చుట్టూ ఫాంహౌజ్ గోడ ఉంది. చెట్టు లోపల, పిల్ల బయట. ఒకనాడు ఆ పిల్ల మమ్మల్ని అడిగింది: "సార్, చింతకాయ గోడకు ఇవతల పడితే అది ఎవరిది?"

మేం జవాబు చెప్పలేకపోయాం. కానీ ఇదే పుస్తకం అనుకున్నాం. మొయినాబాద్ చుట్టుపక్కల ఏ వాడకు పోయినా ఇట్లాంటి గోడ ఒకటుంటుంది. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల చట్టం భూమిలేని పేదకు ఇచ్చిన భూమిని అమ్మడం చెల్లదు, కొనడం చెల్లదు అన్నది. 1996లో వచ్చిన 111 జీవో గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడాలని 84 గ్రామాల్లో కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. చట్టాలు కాగితం మీద ఉండగానే గోడలు భూమి మీద లేచాయి. పిల్ల అడిగిన ప్రశ్నలో ఈ చరిత్రంతా ఉంది.

మేం కూర్చొని కథ రాశాం. దిద్దుకున్నాం. టైపు చేయించాం. పట్నంలో ఒక బొమ్మలాయనకు పంపి "పన్నెండు బొమ్మలు కావాలి, పదిహేను రోజుల్లో ఇయ్యండి" అన్నాం. ఆయన మంచివాడే. తక్కువ పైసలకే ఒప్పుకున్నాడు. గడువుకు ముందే బొమ్మలు పంపిండు. వాటిని మేం సంబరంగా పిల్లల ముందు పరిచాం.

పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకడన్నడు, "గిదెవ్వరి ఇల్లు సార్?" బొమ్మలో ఉన్నది పూరిగుడిసె. గుడిసె ముందు బక్కకుక్క. చింపిరి జుట్టు, చిరిగిన అంగీ ఉన్న పిల్ల. మోకాళ్ల మధ్య తల పెట్టుకొని ఏడుస్తున్న తల్లి. మా వాడలో స్లాబు ఇళ్లున్నాయి, రేకుల ఇళ్లున్నాయి. మిద్దె మీద డిష్ ఉంది, నీలం నీళ్ల డ్రమ్ముంది. పొద్దున ఏడింటికి ఆటోల్లో పూల తోటలకు, టమాట చేన్లకు పోయే మా అక్కలు చీర మీద మొగోళ్ల అంగీ తొడుక్కొని, తలకు రుమాలు కట్టుకొని పోతారు. టిఫిన్ డబ్బా చేతిల ఉంటది. ఏడ్చుకుంట కూసుండే తీరిక ఎవరికుంది? బొమ్మల చూసిన ఒక అమ్మ అన్నది, "మేం పేదోళ్లమే గని, గిట్ల దిక్కులేనోళ్లం కాదు బిడ్డా."

ఇంకొకటి కూడా కనిపించింది. అది అసలు కథ చెప్పిన పిల్లే పట్టుకున్నది. ఆ బొమ్మలన్నీ పై నుంచి చూసినట్టు గీసినయి. గోడ చిన్నగా, పిల్ల ఇంకా చిన్నగా, వాడంతా కాళ్ల కింద ఉన్నట్టు. "గిది బంగ్లా మీదికెల్లి చూసినట్టుంది సార్. నేను కిందికెల్లి చూస్త గద!" అన్నది.

మిత్రులారా, ఆ మాట విన్నప్పుడు మాకు సిగ్గేసింది. ఆ బొమ్మలాయన మీద కోపం రాలేదు. మేం చేసిన తప్పు అర్థమైంది. కథ మన వాడదే. రాసినవాళ్లు మనవాళ్లే. అయినా బొమ్మ ఎవరి కంటితో పడింది? బంగ్లా కంటితో. ఎందుకంటే మా వాడను చూడని మనిషికి మేం కాగితం పంపాం, మనిషిని పిలవలేదు. ఆయన తలలో సినిమాలు, పాఠ్యపుస్తకాలు, పత్రికలు అప్పటికే నింపి పెట్టిన దళితవాడ ఒకటుంది. ఖాళీ ఉన్నచోట అది వచ్చి కూర్చుంది.

కులం ఏ పూట వస్తుంది?

బొమ్మల పుస్తకంలో కులం ఉన్నదా అని అడిగితే చాలామంది అట్ట చూస్తారు, లోపలి బొమ్మలు చూస్తారు. ఋ అంటే ఋషి బొమ్మ ఉందా, డ అంటే డప్పు ఉందా లేక డబ్బానా అని లెక్కపెడతారు. ఆ లెక్క కావాల్సిందే. కానీ అది చివరి లెక్క. అసలు లెక్క పుస్తకం ఇంకా పుట్టకముందు, మొదటిరోజు బల్ల దగ్గర జరిగిపోతుంది. ఏ కథ పుస్తకమవుతుంది? ఎవరి కంటి ఎత్తు నుంచి చూస్తాం? ఏది మాటతో చెప్తాం, ఏది బొమ్మకు వదిలేస్తాం? ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు? ఈ నాలుగూ తేలినంక గీసేవాడు ఎంత గొప్పోడైనా ఆ గీత లోపలే గీస్తాడు.

ఆ మొదటిరోజు బల్ల చుట్టూ ఎవరుంటారు? సంపాదకుడు ఉంటాడు. రచయిత ఉంటాడు. చాలా చోట్ల బొమ్మలేసేవాడు కూడా ఉండడు. అతన్ని చివర పిలుస్తారు, పెళ్లిలో డప్పోళ్లను పిలిచినట్టు. వచ్చి కొట్టి, పైసలు తీసుకొని పోవాలె. పెళ్లి మాటలు మాట్లాడుకునేనాడు డప్పోడితో పనేంది? సంపాదకుడి పని తలతో, బొమ్మలాయన పని చేతితో అనుకునే ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? తల గొప్పది, చెయ్యి తక్కువది అని చెప్పిన ధర్మం ఏదో మనకు తెలియంది కాదు. ప్రచురణ ఆఫీసులో కూడా అదే ధర్మం కుర్చీలు వేస్తుంది.

సంపాదకులు, చిత్రకారులు ఒకే కప్పు కింద కూర్చుంటే ఎంత బలమో తెలుగువాళ్లకు తెలియక కాదు. 1947లో మొదలైన చందమామ ఆ పద్ధతి మీదనే బతికింది. కొడవటిగంటి కుటుంబరావు లాంటి సంపాదకుడూ, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య లాంటి చిత్రకారులూ ఒకే పత్రిక పనిలో ఏండ్ల తరబడి ఉన్నారు. అందుకే బేతాళుడు ఎట్లుంటడో తెలుగు పిల్లలందరికీ ఒకటే బొమ్మ గుర్తుంది. ఆ పనితనాన్ని మేం తక్కువ చెయ్యం. మాలో చాలామందిమి అవి చూసుకుంటూ పెరిగినవాళ్లమే. కానీ ఆ బొమ్మల్లో రాజు ఉన్నాడు, పండితుడు ఉన్నాడు, వర్తకుడు ఉన్నాడు. మా తాత లేడు. ఊరు ఉంది, వాడ లేదు. కలిసి కూర్చున్నారు సరే, కూర్చున్నవాళ్లెవరు అన్న ప్రశ్న మిగిలే ఉంది.

మన ఇంట్లో ఉన్న పటం

ఇదంతా మనకు కొత్త విద్య అనుకునేవాళ్లకు ఒక సంగతి గుర్తుచేస్తాం. బొమ్మతో కథ చెప్పే పద్ధతి మాదిగవాడకు వందల ఏండ్లుగా తెలుసు. డక్కలివాళ్లు పటం పట్టుకొని వచ్చి జాంబపురాణం చెప్పేవాళ్లు. భూమి పుట్టకముందే పుట్టిన ఆది జాంబవంతుని కథ అది. మనల్ని అందరికంటే చివర నిలబెట్టిన ఊరికి, మేం అందరికంటే ముందోళ్లమని చెప్పిన కథ.

ఆ పటం ఎట్ల తయారయ్యేది? చేర్యాల దిక్కు నకాషీలు గీసేవాళ్లు. బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, ఎర్రటి నేల మీద బొమ్మలు వేసేవాళ్లు. కథ చెప్పే కులమే వచ్చి తమ కథ వినిపించి గీయించుకునేది. ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో చెప్పేవాడికి తెలుసు. ఏ ఘట్టం బొమ్మలో ఎట్ల నిలబడుతుందో నకాషీకి తెలుసు. ఒకడి నోరు, ఇంకొకడి చెయ్యి కలిస్తేనే పటం. పటాన్ని మీది నుంచి కిందికి విప్పుకుంటూ, కట్టెతో ఒక్కొక్క బొమ్మ చూపిస్తూ కథ చెప్తారు. తర్వాతి గడిలో ఏముందో అప్పుడే చూపించరు. ఇప్పుడు పట్నంలో డిజైనర్లు పేజీ తిప్పితే ఏం కనపడాలని తలలు పట్టుకుంటారే, ఆ లెక్క డక్కలి తాతకు కట్టె మీద ఉంది. గౌడులకు, పద్మశాలీలకు, మంగలివాళ్లకు, ముదిరాజులకు ఎవరి కథ వాళ్లకు, ఎవరి పటం వాళ్లకు ఉండేది. సంపాదకుడూ చిత్రకారుడూ కలిసి పుస్తకం కట్టడమంటే ఇదే కదా.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. డక్కలివాళ్లను మనం ఏం చేశాం? మన పురాణం మనకు చెప్పేవాళ్లను మన గడప తొక్కనియ్యలేదు. ఊరు మనకు చేసిందే మనం వాళ్లకు చేశాం. పటాలు చినిగిపోయాయి, చెప్పేవాళ్లు వలసపోయారు, కొన్ని పటాలు మ్యూజియంలకు పోయాయి. ఈనాడు చేర్యాల బొమ్మ డ్రాయింగ్ రూముల్లో గోడకెక్కింది. మన కథ మాత్రం అందులో లేదు. మన బల్ల దగ్గర డక్కలి మనిషి కూర్చోకుండా మన పుస్తకం మొదలుపెడితే మనం చేసేది కూడా సగం మనువు పనే.

డబ్బాల్లో బంధించనియ్యమన్నవాళ్లు

బొమ్మలేసేవాళ్లు మొదటి నుంచి కూర్చుంటే పుస్తకం ఎంత మారుతుందో చూడాలంటే 2011లో నవయాన తెచ్చిన భీమాయన చూడండి. బాబాసాహెబ్ జీవితంలో అంటరానితనం అనుభవాల పుస్తకం అది. చిన్నప్పుడు కోరేగావ్‌లో ఉన్న నాయన దగ్గరికి పోతూ బండి దొరక్క, నీళ్లు దొరక్క పడ్డ బాధ, బరోడాలో ఇల్లు దొరకని అవమానం, 1934లో దౌలతాబాద్ కోట దగ్గర నీళ్లు ముట్టారని జరిగిన గొడవ అందులో ఉన్నాయి. బొమ్మలు వేసింది మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. కథ రాసింది శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్.

సంపాదకులు మొదట వాళ్లకు ప్రపంచంలో పేరున్న కామిక్కులు చూపించారు. పేజీని గడులు గడులుగా కోసి, గడిలో మనుషుల్ని పెట్టే పద్ధతి. ఆ ఇద్దరూ ఒప్పుకోలేదు. మనుషుల్ని డబ్బాల్లో బంధించం, మా బొమ్మలో అందరికీ ఊపిరాడే జాగా ఉండాలన్నారు. గడులు పోయాయి. గోండుల ఇండ్ల గోడల మీద, వాకిట్ల వేసే డిగ్నా ముగ్గే పేజీని విడదీసే గీత అయింది. మాటల బుడగలు కూడా మారాయి. మంచి మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. కులం విషం కక్కే మాటకు తేలు కొండి ఉంటుంది. చదువురాని పిల్లకు కూడా ఎవడు కుడుతున్నాడో బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. ఈ ఆలోచన సంపాదకుడు రాసి పంపిన కాగితంలోంచి పుట్టలేదు. గీసేవాళ్లు "కాదు" అన్నందుకు పుట్టింది, ఆ "కాదు"ను సంపాదకులు విన్నందుకు నిలిచింది. అట్ట మీద చిత్రకారుల పేర్లే ముందు ఉన్నాయి. అంతకుముందు 2007లో కంచ ఐలయ్య శ్రమ గౌరవం మీద పిల్లలకు రాసిన పుస్తకానికీ దుర్గాబాయే బొమ్మలు వేసింది. తోలు పనినీ కుండ పనినీ పిల్లలకు శాస్త్రంగా చూపించిన పుస్తకం అది.

అయితే ఆ భీమాయన బల్ల దగ్గర దళితులు ఎంతమంది ఉన్నారని ఎవరైనా అడిగితే అది తప్పుడు ప్రశ్న కాదు. మేమూ అడుగుతాం. పుస్తకాన్ని మెచ్చుకుంటూనే అడుగుతాం.

మన దగ్గర ఇంకో ప్రయత్నం జరిగింది. హైదరాబాద్‌లో అన్వేషి సంస్థవాళ్లు 2008లో డిఫరెంట్ టేల్స్ అనే వరుస పుస్తకాలు తెచ్చారు. దళిత, ముస్లిం పిల్లల బాల్యాన్ని జాలి కథలుగా కాక మామూలు బతుకుగా చూపాలన్నది వాళ్ల పట్టుదల. ఖదీర్‌బాబు రాసిన తలకాయ కూర కథ అందులో ఉంది. గోగు శ్యామల రాసిన తాటకి, బడెయ్యల కథలున్నాయి. శ్యామలక్కది తాండూరు దగ్గర పెద్దేముల్. మా చేవెళ్ల నుంచి అదే బీజాపూర్ రోడ్డు పట్టుకొని పడమరకు పోతే ఆ దిక్కే. మా నేల, మా మాట, మా కూర పుస్తకమై వచ్చినయి. ఇంట్లో ఆదివారం తలకాయ వండితే సోమవారం బడిలో ఆ మాట చెప్పడానికి సిగ్గుపడే పిల్లకు ఆ పుస్తకం ఎంత ధైర్యమో ఆలోచించండి.

ఈ పని మనకంటే ముందు నల్లజాతివాళ్లు చేశారు. 1920 జనవరిలో డబ్ల్యు.ఇ.బి. డుబోయ్ నల్ల పిల్లల కోసం ది బ్రౌనీస్ బుక్ అనే బొమ్మల మాసపత్రిక మొదలుపెట్టాడు. జెస్సీ ఫాసెట్ సంపాదకత్వంలో పనిచేసింది. లారా వీలర్ లాంటి నల్ల చిత్రకారిణులు బొమ్మలు వేశారు. రెండేళ్లు, ఇరవైనాలుగు సంచికలు నడిచి 1921 డిసెంబరులో ఆగిపోయింది. ఆగిపోయింది గానీ నల్ల పిల్ల బొమ్మను నల్లవాళ్లే కూర్చొని గీయాలన్న మాట ఆగలేదు. అదే డుబోయ్‌కి 1946లో బాబాసాహెబ్ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం దారిలో మనం నడవాల్సింది ఇంకా ఉంది.

రెండోసారి కూర్చున్నాం

మేం రెండోసారి మొదలుపెట్టినప్పుడు కథ పంపలేదు. బొమ్మలాయన్నే పిలిచాం. ఆయన రెండు రోజులు వాడలో ఉన్నాడు. మా ఇంట్లనే తిన్నాడు. చింతచెట్టు గోడ దగ్గర పిల్లతో పాటు నిలబడ్డాడు. "నీ కండ్లు ఏడిదాకా అందుతయి?" అని అడిగి, పిల్ల ఎత్తుకు వంగి చూశాడు. ఆ వంగడంతోనే సగం పుస్తకం మారింది.

తర్వాత డమ్మీ కట్టాం. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాం, ఇదేం బ్రహ్మవిద్య కాదు. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి. పదహారు, ఇరవై, ఇరవైనాలుగు. ఇరవైనాలుగు పేజీలు అనుకుంటే మొదటి పేజీ పేరుకు, చివరి పేజీ వివరాలకు పోతుంది. నడుమ పదకొండు జంట పేజీలు మిగులుతాయి. ఆరు తెల్లకాగితాలు మధ్యకు మడిచి దారం వేస్తే డమ్మీ తయారు. పదకొండు జాగాల్లో కథను సర్దాలి. పెన్సిలుతో గీస్తే చెరపొచ్చు, పేజీ మార్చొచ్చు, పైసా ఖర్చు లేదు. రంగుల బొమ్మ అయినంక మార్చమంటే గీసినోడికి కడుపుకోత, మనకు జేబుకోత.

నేల మీద ఆ డమ్మీ పెట్టుకొని చుట్టూ కూర్చున్నాం. రాసినవాళ్లు, గీసేవాడు, డి.టి.పి. తమ్ముడు, నలుగురు పిల్లలు, ఇద్దరు అమ్మలు. గోడ మొదటి జంట పేజీలో మొదలై పదకొండో దాంట్లోదాకా ఒకే ఎత్తులో ఆగకుండా నడవాలన్నది డి.టి.పి. తమ్ముడి ఆలోచన. పేజీ తిప్పినా గోడ తిప్పుకోదు. పిల్ల కంటే ఎత్తున గోడ, గోడ మీదికెల్లి చింతకొమ్మ. అంతవరకు తమ్ముడు పేజీలు పెట్టేవాడని మాత్రమే అనుకున్నాం. పుస్తకానికి వెన్నుపూస ఇచ్చింది అతనే.

గోడ వచ్చినంక మా మాటలు సగం పనికిరాకుండా పోయాయి. "గోడ చాలా ఎత్తుగా ఉంది, చెట్టు లోపల ఉంది" అని మేం రాసుకున్నాం. బొమ్మ అదే చెప్తున్నప్పుడు మాట ఎందుకు? కొట్టేశాం. రాసినవాళ్లకు గుండెలో గుచ్చుకుంది. కానీ కలిసి కూర్చోవడమంటే అదే. బొమ్మ చేసే పని మాట చెయ్యొద్దు, మాట చేసే పని బొమ్మ చెయ్యొద్దు. ఒక కుడిచేతి పేజీ మీద చింతకాయ తొడిమ ఊడి గాలిలో ఉంటుంది. పేజీ తిప్పితేనే అది ఎటు పడిందో తెలుస్తుంది. నడిమి మడతలో పిల్ల ముఖం పడితే ముఖం రెండుగా విరుగుతుందని తమ్ముడు చెప్పిండు. ముఖాన్ని పక్కకు జరిపాం. ఇవన్నీ చిన్న సంగతులనుకోకండి. ఏ ముఖం మడతలో నలగాలి, ఏ ముఖం నిండు పేజీలో ఉండాలి అన్నది కూడా రాజకీయమే.

అసలు కొట్లాట ముగింపు మీద వచ్చింది. మాలో ఒకాయన, పుస్తకం చిన్నపిల్లలది కదా, చివరకు ఫాంహౌజ్ సేటు గేటు తీసి పిల్లను లోపలికి పిలిస్తే బాగుంటదన్నాడు. బొమ్మలాయనకూ నచ్చింది. రెండు చేతులు, తెరిచిన గేటు, పచ్చని చెట్టు. అందమైన బొమ్మ వస్తుంది. పిల్లలు వినలేదు. "గేటు తీస్తె గది ఆయన మంచితనం ఐతది. చెట్టు మాది గద సార్!" అన్నది ఆ పిల్ల. ఉద్యమంలో ఇన్నేండ్లు జాలికీ హక్కుకీ తేడా మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చాం! ఆరో తరగతి పిల్ల ఒక్క మాటలో చెప్పింది.

చివరి జంట పేజీ ఇప్పుడు ఇట్లుంది. పిల్ల చేతిలో ఇవతల పడ్డ చింతకాయ ఉంది. పక్కన తాత తెరిచిన ఇనుప సందుక ఉంది. సందుకలో బట్టలో చుట్టిపెట్టిన పట్టా కాగితం. పిల్ల దాన్ని విప్పి చదువుతుంటుంది. మాట ఒక్కటే, మొదట ఆమె అడిగిన ప్రశ్న. జవాబు మేం రాయలేదు. పుస్తకం మూసినంక చదివిన పిల్ల అమ్మనో నాయననో అడగాలి. బడిలో సారును అడగాలి. రేపు తహశీల్దారును అడగాలి.

మనలో మనం మాట్లాడుకోవాల్సినవి

కొందరు మిత్రులు అంటారు: భూమి పోతున్నప్పుడు, కొలువులు లేనప్పుడు, కారంచేడు, చుండూరు చూసిన జాతికి బొమ్మల పుస్తకాల ముచ్చటా? మేం ఎదురు అడుగుతున్నాం. మా పిల్ల భూమి ప్రశ్న అడిగింది ఎక్కడ? బొమ్మ చూసే కాడ. తనది తాను చూసుకోని పిల్ల తనది తాను అడగదు. తంగేడు పువ్వును రాష్ట్ర పువ్వు అన్నారు, బతుకమ్మలో పెట్టి మొక్కుతారు. ఆ తంగేడు చెక్కతోనే మన లందల్లో తోలు పదునెక్కింది. ఈ సంగతి ఏ పిల్లల పుస్తకంలోనైనా బొమ్మగా చూశారా? చెక్క దంచడం, సున్నం పెట్టడం, తోలు ఊరడం, చెప్పు కావడం, డప్పు కావడం. పదకొండు జంట పేజీలకు సరిపడా శాస్త్రం అందులో ఉంది. కూర్చునేవాళ్లే లేరు.

మన సంఘాల సంగతి కూడా దాచొద్దు. సభ ఎల్లుండి అనగా ఇయ్యాల రాత్రి బొమ్మలాయనకు ఫోను కొడతాం. "అన్నా, పొద్దుగాల వరకు బాబాసాహెబ్ బొమ్మ కావాలె." ఆయన ఏమనుకుంటున్నాడో అడగం. కరపత్రం కింద అందరి పేర్లు ఉంటాయి, బొమ్మలాయన పేరు ఉండదు. పైసలు అడిగితే ఉద్యమం కదా అంటాం. ఊరోళ్లు వెట్టి చేయించుకుంటే తప్పు, ఉద్యమం చేయించుకుంటే త్యాగమా?

అందుకే మేం మా పుస్తకానికి నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నాం. మిగతా సంఘాలు, పుస్తకాలు వేసే మిత్రులు, సర్కారు పాఠ్యపుస్తకాలు చేసేవాళ్లు కూడా ఆలోచించాలని కోరుతున్నాం. కథ పూర్తయినంక కాదు, కథ ఇంకా ప్రశ్నగా ఉన్నప్పుడే గీసేవాళ్లనూ పేజీ కట్టేవాళ్లనూ పిలవాలి. ఎవరి గురించి పుస్తకమో ఆ వాడ మనుషులు, ముఖ్యంగా ఆడవాళ్లు, పిల్లలు డమ్మీ దగ్గర కూర్చోవాలి, "కాదు" అనే హక్కుతో కూర్చోవాలి. రాసినవాళ్ల పేరు ఎంత అక్షరంలో ఉంటే గీసినవాళ్ల పేరు అంత అక్షరంలో అట్ట మీద ఉండాలి, పైసల్లో కూడా ఆ లెక్కనే పాలు ఉండాలి. మన పిల్లల్లో గీసే చెయ్యి ఉన్నవాళ్లను వెతికి చదివించాలి. బడి గోడ మీద బొగ్గుతో గీసినందుకు దెబ్బలు తిన్న పిల్లలు మన వాడల్లో ఎంతమంది లేరు!

ఊరి పేరు ఎందుకు రాయలేదో చెప్తామన్నాం. ఆ పిల్ల నాయన ఇప్పుడు అదే వరుసలో ఇంకో ఫాంహౌజ్ గేటు దగ్గర వాచ్‌మన్. పుస్తకంలో గేటు మీద బోర్డు గీస్తే, ఈ వ్యాసంలో ఊరి పేరు రాస్తే రేపు ఆ కొలువు పోతుంది. అది కూడా డమ్మీ చుట్టూ కూర్చున్నప్పుడే వచ్చిన మాట. వాళ్లమ్మ చెప్పింది. పట్నంలో బల్ల వేసుకొని ఉంటే ఆ మాట ఎవరికీ తట్టేది కాదు. బోర్డు తీసేశాం. గోడ ఉంచాం. గోడ అందరికీ తెలిసిందే.

మొదటి కాపీ తాతకు ఇస్తాం. రెండోది మీ వాడకు పంపుతాం. చదివి, నచ్చకపోతే "గిది మేం కాదు" అని రాయండి. ఆ మాట కోసమే కూర్చున్నాం.

జై భీమ్.